పొట్టోడు కనిపించని పూట

మా ఆవిడ విమానాల మెకానిక్కు. నేను దర్జీని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ఓ క్షణం ఆగి, "అంటే మీరు మెకానిక్కు, ఆవిడ టైలరూనా?" అని సర్దబోతారు. కాదండీ, మీరు సరిగ్గానే విన్నారు అంటాను. ముప్ఫై ఏళ్ళుగా ఇదే తంతు.

విమానాలంటే మూడొందల మందిని మోసుకుపోయే ఏనుగులు కాదు. ఊరి చివర ఒకే ఒక్క రన్‌వే, మూడు రేకుల షెడ్లు ఉన్న చిన్న మైదానం ఉంది. అక్కడ సొంత విమానాలు పెట్టుకున్న ఆసాములు ఓ పదిమంది ఉంటారు. ఇద్దరో, మహా అయితే నలుగురో కూర్చునే బుల్లి విమానాలు. ముందు ఒక్క ఇంజను, ఒక్క పంకా. తలుపేస్తే పాత బీరువా మూసినంత చప్పుడు. వాటికి ఒంట్లో ఏం తేడా చేసినా చూసేది మా ఆవిడ. వాటి సీట్లకు తొడుగులు, ఎండ తగలకుండా కప్పే దుప్పట్లు కుట్టేది నేను.

మా పరిచయం కూడా కుట్టుపని దగ్గరే. వాళ్ళ నాన్న బస్సుల డిపోలో మెకానిక్కు. కూతురు పసితనం నుంచీ ఆయన వెనకే తిరిగి పానాలు అందించేది. ఇరవై ఆరో ఏట ఆవిడకు విమానాల లైసెన్సు వచ్చింది. పనిలో చేరితే వాళ్ళిచ్చిన పనిబట్టలు మగవాళ్ళ కొలతలవి. భుజాలు మోచేతుల మీదకు జారుతున్నాయి. సవరించమని నా కొట్టుకు తెచ్చింది. భుజాలు లోపలికి కుట్టాను, కాళ్ళు ఎత్తి కుట్టాను. "ఇంకేమైనా ఉందా అమ్మా?" అంటే, "పైజేబులు రెండూ కుట్టేయండి" అంది.

"చిరిగాయా?"

"చిరగలేదు. మూసేయండి. వంగినప్పుడు జేబులోంచి ఏదో ఒకటి జారి ఇంజనులో పడుతుంది."

జేబులు పెట్టమన్నవాళ్ళను చూశాను, పెద్దవి చేయమన్నవాళ్ళను చూశాను. మూసేయమన్న మొదటి గిరాకీ ఆవిడే. అప్పుడే నచ్చింది.

మా ఆవిడకు భయం ఎక్కువ. రంగుల రాట్నం ఎక్కదు. తను బాగుచేసిన విమానం కూడా తప్పనిసరైతే తప్ప ఎక్కదు. పైలట్లు చాటుగా ఆవిడను 'పిరికి మేడమ్' అంటారని ఆవిడకూ తెలుసు. పెట్రోలు ట్యాంకు అడుగునుంచి గ్లాసుడు తీసి వెలుతురుకు పట్టి చూస్తుంది. అందులో ఆవగింజంత నీటిబొట్టు కనిపించిందా, మళ్ళీ తీయిస్తుంది, మళ్ళీ చూస్తుంది. "మేడమ్, ఇది బొట్టు కూడా కాదు, చెమట" అని ఎవరైనా అంటే, "ఇంజనుకు ఆ తేడా తెలీదండీ" అంటుంది.

సాయంత్రం టీ వేళకు, నేను మిషను తొక్కుతుంటే, ఆవిడ కుర్చీ లాక్కుని ప్రమాదాల నివేదికలు చదివేది. ఎక్కడెక్కడో కూలిన చిన్న విమానాలవి. అధికారులు విచారణ చేసి రాసినవి. ఇంకొకళ్ళ ఇంట్లో సీరియల్ నడిచినట్టు మా ఇంట్లో అవి నడిచేవి.

"ఇదిగో వినండి. ట్యాంకులో పెట్రోలు ఉందనుకున్నాడు. ముల్లు చూశాడు గానీ మూత తీసి చూడలేదు."

"పోయాడా?"

"పోయాడు. ఇది చూడండి, కళ్ళతో నేలను చూసుకుంటూ నడిపేవాడు మబ్బులో దూరాడు. కిందేదో పైనేదో తెలీలేదు. మూడు నిమిషాలు."

ఇంకోసారి ఇంకొకడు. ఎగిరిన వెంటనే ఇంజను ఆగింది. ఎదురుగా చదునైన పొలం ఉంది. అయినా రన్‌వేకే తిరిగి వద్దామని గిరుక్కున తిప్పాడు. వేగం చాలక రాయిలా పడ్డాడు. వేరొకడు నలుగురినీ ఎక్కించి, వాళ్ళ పెట్టెలన్నీ వెనక కుక్కాడు. వేరొకడికి ఇంజను ఊపిరి పీల్చే గొట్టంలో మంచు కట్టింది, ఎండాకాలంలోనే. ఇన్ని చదివాక ఆవిడ తేల్చిన లెక్క ఒకటుంది. ఇంజను దానంతట అది పాడై చచ్చినవాళ్ళు తక్కువట. "పెళ్ళికి టైమైపోతోందనో, మబ్బు వచ్చేస్తోందనో, ఎవరో ఎదురుచూస్తున్నారనో బయల్దేరినవాళ్ళే ఎక్కువండీ" అనేది. నేను ఊఁ కొట్టేవాణ్ణి. దారం తెగితే ఆ ఊఁ కూడా ఉండేది కాదు.

ఆ రోజు పళ్ళ డాక్టరుగారి విమానం పని. నాలుగు సీట్లది, తెల్లది. ఏడాదికోసారి విమానాన్ని ఎక్కడికక్కడ మూతలు విప్పి లోపలంతా పరీక్షించాలి. మా ఆవిడ నాలుగు రోజులుగా అదే పనిలో ఉంది. ఎలాగూ సీట్లు బయట పెట్టారు కదా అని డాక్టరుగారు వాటికి కొత్త తొడుగులు కూడా చెప్పారు. పావురం రంగు రెక్సిను. చివరి రోజు పొద్దున సీట్లు బిగించి, సామాను పెట్టే చోటికి వెనకున్న గుడ్డ తెర మార్చడం నా వంతు.

డాక్టరుగారు చెప్పిన వేళకంటే గంట ముందే వచ్చారు. వెంట వాళ్ళమ్మ. డెబ్బై రెండేళ్ళ పెద్దావిడ, చేతిసంచి గుండెకు హత్తుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది. కొండలకు అవతల ఊళ్ళో ఆవిడ చెల్లెలికి ఒంట్లో బాగాలేదు. రోడ్డు మీద ఏడు గంటలు, గాల్లో యాభై నిమిషాలు.

"ఇంకెంతసేపు మేడమ్? మధ్యాహ్నానికి కొండల మీద మబ్బు పడుతుందంటున్నారు."

"అయినప్పుడు అవుతుంది డాక్టరుగారూ."

పది నిమిషాలకొకసారి ఇదే ప్రశ్న, ఇదే జవాబు. ఆయన తొందర మా ఆవిడకు అంటలేదు. నాకు అంటింది.

మా ఆవిడ పనిముట్లకు గోడమీద ఒక చెక్క ఉంటుంది. ప్రతి పనిముట్టు ఆకారం దానిమీద నల్లరంగుతో గీసి ఉంటుంది. ఏది లేకపోయినా ఆ ఆకారం బోసిగా కనిపిస్తుంది. మూతలు బిగించే ముందు ఆవిడ ఆ చెక్క ముందు నిలబడి ఒక్కొక్కదాన్నీ వేలితో తాకి లెక్కపెడుతుంది. తెర స్క్రూలు ఇరుకులో ఉన్నాయి, నా స్క్రూడ్రైవర్ పట్టలేదు. చెక్కమీదినుంచి పొట్టిది తీసుకున్నాను. బొటనవేలంత ఉంటుంది, పసుపు పిడి. దాన్ని మేం పొట్టోడు అనేవాళ్ళం.

పనైపోయింది. పాత తొడుగుల మూట చంకలో, పొట్టోడు చేతిలో, పంటికింద నాలుగు గుండుసూదులతో కిందికి దిగాను. తోక పక్కగా వస్తుంటే మూట జారింది.

ఐదు నిమిషాల తర్వాత మా ఆవిడ చెక్క ముందు నిలబడింది. "పొట్టోడేడీ?"

"నా దగ్గరే. సంచిలో." సూదులు నోట్లో ఉన్నాయి కాబట్టి అది 'నా జగ్గలే, జంచిలో' అన్నట్టు వినపడి ఉంటుంది.

"చూశారా?"

డాక్టరుగారు గడియారం వైపు చూస్తున్నారు. పెద్దావిడ కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది. నేను వంగి చివరి సీటు అంచు లాగుతున్నాను.

"చూశానే" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా వీపు వైపు చూసి ఉంటుంది. తర్వాత తోక మూత బిగించిన చప్పుడు వినిపించింది.

పదకొండింటికి విమానం ఎగిరింది. పెద్దావిడ ముందు సీట్లో, కొడుకు పక్కన కూర్చుంది. ఇంజను హోరుకు చెవుల్లో దూది పెట్టుకుంది. నేను కుట్టిన సీటుమీద చెయ్యి వేసి తడిమి చూసుకుంది కూడా. నాకు సంతోషమేసింది.

పావుగంట తర్వాత సంచి సర్దుకుంటుంటే అందులో పొట్టోడు లేడు.

సంచి బోర్లించాను. కత్తెర, టేపు, సుద్దముక్కలు, దారపు ఉండలు. మళ్ళీ చూశాను. జేబులు చూశాను. పాత తొడుగుల మూట విప్పి ఒక్కొక్కటి దులిపాను. అప్పుడు నా చెయ్యి నాకు గుర్తొచ్చింది. మూట జారినప్పుడు రెండు చేతులూ కావాల్సి వచ్చాయి. తోకకు పక్కన, ఛాతీ ఎత్తున, మూత తీసిన కంత ఉంది. దాని అంచుమీద పొట్టోణ్ణి పెట్టాను. ఒక్క నిమిషానికని పెట్టాను.

ఇక్కడినుంచి చెప్పాలంటే నాకు సిగ్గు. చెప్పకపోతే కథే లేదు.

ఆ కంత లోపల ఏముందో నాకు తెలుసు. పైలట్ చేతిలో స్టీరింగ్ లాంటి చక్రం ఉంటుంది. వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది, ముందుకు తోస్తే ముక్కు దిగుతుంది. ఆ చక్రం నుంచి ఉక్కు తీగలు విమానం పొడవునా పోయి, తోకలో, అక్కడి రెక్కను ఎత్తి దించే ఒక ఇనుప చెయ్యిని లాగుతాయి. ఆ చెయ్యి సందులో బొటనవేలంత వస్తువు ఇరుక్కుంటే చాలు, ఇక చక్రం కదలదు. మా ఆవిడ చదివిన నివేదికల్లో అలాంటివి రెండున్నాయి. ఒకదానిలో చిన్న టార్చి లైటు, ఇంకోదానిలో ఒక బోల్టు. రెండింటికీ నేను ఊఁ కొట్టాను.

మా ఆవిడ షెడ్డు అవతలి మూల కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది. నేను నోరు తెరవలేదు. కంత అంచునుంచి బయటికే పడిందేమో అనుకున్నాను. వెళ్ళి నేలంతా వెతికాను, గడ్డిలో వెతికాను. యాభై నిమిషాల ప్రయాణంలో సగం అయిపోవస్తోంది, దిగేస్తారు, ఏమీ కాదు అనుకున్నాను. ఆవిడ లైసెన్సు గుర్తొచ్చింది. మా ఇద్దరి పొట్టకూడు గుర్తొచ్చింది. గోడ గడియారంలో ఏడు నిమిషాలు గడిచాయి. ఆ ఏడు నిమిషాలూ నేను చూస్తూనే ఉన్నాను.

"ఏమండీ, ఏం వెతుకుతున్నారు?" అంది ఆవిడ, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ.

చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఏ కంత? కుడివైపుదా, ఎడమవైపుదా?"

"కుడి."

"పిడి ఎటు ఉంది?"

"లోపలికి."

ఆవిడ పరుగెత్తింది. నూనె మరకలుండే చోట పరుగెత్తకూడదని ఏళ్ళ తరబడి అందరికీ చెప్పే మనిషి తను.

రేడియో గదిలో కెప్టెన్‌గారు ఒక్కరే ఉన్నారు. రిటైరైన పైలట్, మైదానం వ్యవహారాలన్నీ ఆయనవే. గళ్ళనుడికట్టు నింపుకుంటున్నారు. మా ఆవిడ గుమ్మంలోనే చెప్పేసింది: "డాక్టరుగారి విమానం తోకలో నా స్క్రూడ్రైవర్ ఉంది."

ఆయన పెన్సిల్ కిందపెట్టారు. "ఖాయమా?"

"ఖాయంగా ఉందని చెప్పలేను. లేదని అసలే చెప్పలేను."

"అమ్మాయ్, ఇప్పుడు చెబితే అతను బెదురుతాడు. బెదురులో చక్రం గట్టిగా లాగితే అప్పుడు నిజంగా ఇరుక్కుంటుంది."

"చెప్పకపోతే దిగేటప్పుడు ఎలాగూ గట్టిగా లాగుతారు కదా సార్. అది నేలకు పది అడుగుల ఎత్తులో."

కెప్టెన్‌గారు కుర్చీ పక్కకు లాక్కున్నారు. మైకు ఆవిడ వైపు జరిపారు.

"డాక్టరుగారూ, నేను మెకానిక్కుని. నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. జాగ్రత్తగా వినండి." మైకును రెండు చేతులా పట్టుకుంది. మూడు ముక్కల్లో చెప్పింది.

రేడియో గరగరలాడింది. తర్వాత డాక్టరుగారి గొంతు, చాలా మెల్లగా: "పైకి లేచేటప్పుడు చక్రం ఒకసారి టక్కుమంది. నా భ్రమేమో అనుకున్నాను. ... అమ్మ పక్కనే ఉంది."

"ఆవిడకు వినపడుతోందా?"

"లేదు. కిటికీలోంచి మేఘాలు చూస్తోంది."

కెప్టెన్‌గారు మైకు అందుకున్నారు. "డాక్టర్, ఎదుట ఎలా ఉంది?"

"కొండలమీద మబ్బు దిగుతోంది."

"ముందుకు వద్దు. వెనక్కి రా. అయితే పెద్ద గుండ్రం తిరుగు. నిండు పళ్ళెం తొణకకుండా తిప్పినట్టు తిరుగు. చక్రం ఇప్పటిదాకా ఎంత కదిపావో అంతే కదుపు."

వెనక్కి రావడానికి ఇరవై ఏడు నిమిషాలు. అంత పొడుగు నిమిషాలు నేను మళ్ళీ చూడలేదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఉండబట్టలేక అన్నాను: "సామాను వెనక తెర నేను కుట్టిందే. నాలుగు కుట్లు కోస్తే తోక లోపలికి కనిపిస్తుంది. పెద్దావిడ వెనక్కి వెళ్ళి..."

మా ఆవిడ నా వైపు తిరక్కుండానే అంది: "బరువు వెనక్కి జరిగితే తోక దిగుతుంది. ముక్కు దించాలంటే చక్రం కదలాలి. అది ఎంతవరకు కదులుతుందో మనకు తెలీదు. మీరు కూర్చోండి."

కూర్చున్నాను.

తొమ్మిదో నిమిషంలో రేడియో పలికింది. డాక్టరుగారి గొంతు మారిపోయింది.

"చక్రం వెనక్కి రావడం లేదు. సగానికి వచ్చి ఆగిపోయింది."

మా ఆవిడ కళ్ళు మూసుకుంది.

"బలం పెట్టకు" అన్నారు కెప్టెన్‌గారు. "వదులు. కొంచెం ముందుకు తొయ్యి. కదిలిందా?"

కెప్టెన్‌గారు మైకు మళ్ళీ నొక్కారు.

"డాక్టర్. కదిలిందా?"

"...కదిలింది."

"మంచిది. నీకున్నది ఆ సగమే. దాంట్లోనే సర్దుకో. ఎత్తు తగ్గాలంటే ఇంజను తగ్గించు, పెరగాలంటే ఇంజను పెంచు. దిగేటప్పుడు ముక్కెత్తాలని చెయ్యి లాగుతుంది. ఇరవై ఏళ్ళ అలవాటు కదా, దానంతటదే లాగుతుంది. లాగనివ్వకు. చదునుగా రా, వేగంగా రా. రన్‌వే మొత్తం నీదే. దాటినా గడ్డే ఉంది. విమానం పోతే పోనీ."

మా ఆవిడ లేచింది. గోడకున్న మంటలార్పే ఎర్ర సిలిండరు తీసి భుజానికెత్తుకుంది. అంత బరువు ఎలా ఎత్తిందో. నేను ఇంకొకటి తీసుకున్నాను. ఇద్దరం రన్‌వే పక్కనే నడుచుకుంటూ చివరిదాకా వెళ్ళి, గడ్డిలో నిలబడ్డాం. నేను పక్కనున్న సంగతే ఆవిడకు గుర్తున్నట్టు లేదు.

విమానం ముందు చుక్కలా కనిపించింది. తర్వాత తెల్లటి రెక్కలు. మామూలుగా దిగే విమానం చివర్లో ముక్కెత్తి, బాతు నీళ్ళమీద వాలినట్టు వాలుతుంది. ఇది అలా రాలేదు. విసిరేసిన పలకలా చదునుగా దూసుకొచ్చింది. కింది చక్రాలు నేలకు తగిలాయి. ఎగిరింది. మనిషెత్తు లేచింది. ఆ క్షణాన ఏ పైలటైనా చేతిలోని చక్రం లాగుతాడు. మా ఆవిడ నోట్లోంచి "వద్దు, వద్దు, వద్దు" అని వస్తోంది, ఎవరికీ వినపడనంత మెల్లగా. మళ్ళీ తగిలింది. మళ్ళీ ఎగిరింది. మూడోసారి ముందు చక్రంమీద పడింది. చక్రం కాలు మడత పడింది, పంకా నేలను గీరింది, చెవులు చిల్లులు పడే చప్పుడు. ముక్కు నేలకానించి, గడ్డి దున్నుకుంటూ వచ్చి, మాకు ఇరవై అడుగుల దూరంలో ఆగింది.

మంట లేదు. పొగ కాదు, దుమ్మే.

ముందు పెద్దావిడ వైపు తలుపు తెరుచుకుంది. మా ఆవిడ పట్టుకుని కిందికి దింపింది. పెద్దావిడ చెవుల్లో దూది తీసి, చుట్టూ చూసి, "ఇదేంట్రా, ఇంతసేపు తిప్పి మళ్ళీ ఇక్కడికే తెచ్చావూ?" అంది.

డాక్టరుగారు దిగలేదు. ఇంజను ఆపేశారు, అన్నీ సరిగ్గానే చేశారు. కానీ చక్రం పట్టుకున్న చేతులు విడిరావడం లేదు. మా ఆవిడ లోపలికి వంగి ఒక్కొక్క వేలూ విప్పింది. ఆయన ఆవిడ మొహంలోకి చూశారు. దిగి రెండడుగులు నడిచి, రెక్క కింద వాంతి చేసుకున్నారు.

తోక మూత మా ఆవిడ ముట్టుకోలేదు. కెప్టెన్‌గారినే విప్పమంది. నేను టార్చి పట్టుకున్నాను. అడుగున, ఇనుప చేతికీ గోడకూ మధ్య, పొట్టోడు ఉన్నాడు. పసుపు పిడి ఎలుక కొరికినట్టుంది. కెప్టెన్‌గారు బయటినుంచి తోక రెక్కను చేత్తో ఎత్తారు. సగం లేచి, టక్. దించి మళ్ళీ ఎత్తారు. టక్. పదునైన కొన సందులోకి ఇంకొంచెం దిగింది. "గాల్లో గట్టిగా ఇంకోసారి లాగి ఉంటే చక్రం ఇటూ వచ్చేది కాదు, అటూ పోయేది కాదు" అన్నారాయన.

మా ఆవిడ గడ్డిలో చతికిలబడింది. నా వైపు చూసింది.

"చూశానే అన్నారు కదండీ."

అంతే. ఆ మాట తర్వాత ఎప్పుడూ అనలేదు. నేను మర్చిపోయే మాటా కాదు.

విచారణకు అధికారి వచ్చేలోపే ఆవిడ కాగితం రాసి పెట్టింది. 'పనిముట్టు కంటితో చూడకుండా, ఒకరి మాట మీద మూత బిగించాను' అని. ఆ ఒకరెవరో రాయలేదు. నా పేరు ఎందుకు రాయలేదని అడిగితే, "మీకు లైసెన్సు ఉందా, రద్దు చేయడానికి?" అంది. నేను ఆగలేక అధికారి గదికి నేనే వెళ్ళాను.

"మీరెవరు?"

"దర్జీనండి."

"విమానం తోకలో దర్జీకేం పని?"

అదీ చెప్పాను. ఏడు నిమిషాలు కూడా చెప్పాను. ఆయన అంతా రాసుకుని, పెన్ను మూసి, "మీరు చెప్పింది రాస్తాను. కానీ లెక్క చూసుకోవాల్సింది ఆవిడే. అది మీరు మోయలేరు" అన్నారు. ఆవిడ లైసెన్సు రెండు నెలలు ఆపారు.

ఆ రెండు నెలలు ఇంట్లో నాకు ఊపిరాడలేదు. ఆవిడ అరిస్తే బాగుండేది. గ్యాసు కట్టేసి, మళ్ళీ వెళ్ళి చూసేది, తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి చూసేది. నివేదికలు చదవడం మానేసింది. టీ వేళకు కుర్చీ లాక్కుని కూర్చునేది, వట్టి చేతులతో. నేను మిషను తొక్కుతూనే ఉండేవాణ్ణి. తొక్కడం ఆపితే ఆ నిశ్శబ్దంలో ఏం వినాల్సి వస్తుందోనని నా భయం.

ఒకనాటి మధ్యాహ్నం డాక్టరుగారి అమ్మ నా కొట్టు మెట్లెక్కింది. చేతిసంచి జిప్పు పోయిందట. స్టూలు వేశాను. కూర్చుని అడిగింది: "మావాడు పక్షి అడ్డొచ్చిందంటాడు. మొహం చూస్తే అబద్ధమని తెలుస్తోంది. నువ్వక్కడే ఉన్నావు కదా నాయనా, ఏమైంది?"

చేతిలో సంచి పెట్టుకుని అంతా చెప్పాను. ఆవిడ మధ్యలో ఒక్కసారే ఆపింది.

"ఏడు నిమిషాలు ఏం చేశావు?"

"భయపడ్డానండి."

"మా కోసమా, నీ కోసమా?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నా కోసమేనండి."

పెద్దావిడ గుడ్డముక్క తీసుకుని కళ్ళద్దాలు తుడుచుకుంది. "అందుకేనన్నమాట వాడి చెవులు అంత ఎర్రబడ్డాయి ఆరోజు. ఎండేమో అనుకున్నాను" అంది. తర్వాత, "సరే, జిప్పు కుట్టు. ఈసారి గట్టిది వెయ్యి" అంది. వెళ్ళేటప్పుడు మీ ఆవిడ ఎలా ఉందని అడిగింది. బాగాలేదన్నాను. మర్నాడు మా ఇంటికి వచ్చింది. ఇద్దరూ వంటగదిలో కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. నేను కొట్టులోనే ఉండిపోయాను, వెళ్ళే ధైర్యం లేక. ఆ సాయంత్రం మా ఆవిడ రెండు ముద్దలు ఎక్కువ తింది.

డాక్టరుగారు మాత్రం మళ్ళీ మాతో మాట్లాడలేదు. విమానం బాగుచేయించి అమ్మేశారు. ఆయన తప్పని నేననను.

లైసెన్సు తిరిగొచ్చాక మొదటిరోజు ఆవిడకు ఒక చిన్న మూత బిగించడానికి గంట పట్టింది. నాలుగు స్క్రూలు. బిగించడం, విప్పి చూడడం, మళ్ళీ బిగించడం. చివరికి కెప్టెన్‌గారి దగ్గరకెళ్ళి, "ఇక నావల్ల కాదు సార్, మానేస్తాను" అంది. ఆయన వద్దనలేదు, ఉండమనలేదు. లేచి వచ్చి చెక్క ముందు నిలబడి, తనే ఒక్కొక్క పనిముట్టూ తాకి పైకి లెక్కపెట్టారు. ఆ రోజు నుంచి అదే పద్ధతైంది. పని చేసినవాళ్ళు లెక్కపెట్టాక ఇంకొకళ్ళు మళ్ళీ లెక్కపెట్టాలి. ఇద్దరూ సరేనంటేనే మూత పడుతుంది. నేను ఆ షెడ్డు గడప దాటను. సీట్లు బయట వరండాలోకి తెచ్చిస్తారు, అక్కడే కుడతాను. నాకంటూ వేరే పనిముట్లు కొనుక్కున్నాను. అన్నిటికీ ఎర్రదారం కట్టి ఉంటుంది.

ఆవిడకిప్పుడు యాభై ఎనిమిది. మొన్న ఒక కాంట్రాక్టరు, కొత్తగా విమానం కొన్నవాడు, చెల్లెలి నిశ్చితార్థానికి వేళైపోతోందని షెడ్డు గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "అయిందా మేడమ్? అయిందా?" అని నాలుగోసారి అడిగాడు. ఆవిడ అప్పటికి ఇరవై పనిముట్ల దాకా వచ్చింది. అతని వైపు చూసి, వేలు తీసేసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. అతను విసుక్కుంటూ వచ్చి వరండాలో నా పక్కన కూలబడ్డాడు. నేను మిషను ఆపి, కాసిని మంచినీళ్ళిచ్చాను.